హాస్టలా, ఇల్లా?

బుజ్జికి, చిన్నోడికి,

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఇద్దరికీ ఇంజినీరింగ్ సీట్లొచ్చాయని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. హాస్టల్లో చేరాలా, ఇంటి నుంచే వెళ్లి రావాలా అని మీ ఇంట్లో రెండు పార్టీలయ్యాయట. నన్నడిగితే ముందు ఒకటి కనుక్కోమంటాను: కాలేజీ బస్సు సాయంత్రం ఎన్నింటికి బయల్దేరుతుంది?

నవ్వకండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు, ఊరి బయటే ఉన్నాయి. కూకట్‌పల్లి పిల్లకి ఇబ్రహీంపట్నంలో సీటొస్తే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. అలసట సంగతి అలా ఉంచండి. నాలుగింటికి బస్సు కదిలిందంటే ఆ రోజుకి మీకు కాలేజీ మూసేసినట్టే. ప్రోగ్రాం ఎందుకు ఆగిపోతోందో సీనియర్ పక్కన కూర్చుని చూపించేదీ, ప్రాజెక్టు టీములు కుదిరేదీ ఆ తర్వాతే. రానూపోనూ మూడు గంటలు దాటితే హాస్టలే మేలు. ముప్పావుగంటలో చేరగలిగితే నిక్షేపంలా ఇంట్లో ఉండండి. బుజ్జీ, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఖర్చు కలిసొస్తుందని నాన్న అంటారు. నిజమే, కానీ ట్రాఫిక్ తగ్గలేదు కదా.

'ఇంటర్లో రెండేళ్లు చూశాంగా హాస్టల్' అనకండి. అక్కడ లేపేదీ, స్టడీ అవర్లో కూర్చోబెట్టేదీ వార్డెనే. ఇక్కడ పొద్దున క్లాసుకి వెళ్లకపోయినా ఎవరూ తలుపు కొట్టరు. మొదటి సెమిస్టర్లో బ్యాక్‌లాగ్ తెచ్చుకున్న పిల్లల్లో, నేను పాఠాలు చెప్పిన రోజుల్లో చూసినంతవరకు, ఇంటర్ హాస్టళ్లలో కట్టుదిట్టంగా పెరిగినవాళ్లే ఎక్కువ. చిన్నోడా, ఇది నీకే.

ఇక డబ్బు. యూనివర్సిటీ హాస్టళ్లలో చాలాచోట్ల నెల మెస్ ఖర్చంతా లెక్కేసి పిల్లల మీద పంచుతారు. ఊరెళ్లేటప్పుడు ముందే చెబితే మెస్ కట్ ఇస్తారేమో, అంటే ఆ రోజుల తిండి ఖర్చు తగ్గిస్తారేమో అడగండి. ప్రైవేటు కాలేజీల్లో ఏడాదికి ఒకేసారి కట్టించుకోవడం మామూలే. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద చూసుకోండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి పెట్టే ఈ-పాస్ దరఖాస్తులో డేస్కాలరా, హాస్టలరా అన్నది సరిగ్గా నింపండి, ఖర్చులకి వాళ్లిచ్చే మెయింటెనెన్స్ ఫీజు దాన్నిబట్టే మారుతుంది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఫోన్లో వేసుకోండి.

చివరగా, హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారో అడగండి. ఆడపిల్లల హాస్టల్‌కి ఒక టైము, మగపిల్లలకి ఇంకొకటి పెట్టే కాలేజీలు ఇంకా ఉన్నాయి. లైబ్రరీ తొమ్మిదింటిదాకా తెరిచి ఉండి, బుజ్జి వాళ్ల గేటు ఆరింటికే పడితే, నేను పైన చెప్పిన సాయంత్రాలు దానికి దక్కవు. అప్పుడు దాని విషయంలో నా లెక్క మారుతుంది. ఫీజు కట్టేలోపే కనుక్కుని ఫోన్ చేయండి.

మీ పెద్దమ్మ