అడవిలో రాత్రి బస: 2012లో గీసిన గీత, దాని లోపలి చెంచు పెంటలు

ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ టైగర్ రిజర్వు కేసులో 2025 నవంబరు 17న తీర్పునిస్తూ సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల్లో రాత్రి పర్యాటకాన్ని నిషేధించడంతో, సఫారీకి వెళ్లేవారు అడవిలో ఎంత లోపలికి పోవచ్చు, రాత్రి ఎక్కడ బస చేయాలి అన్న ప్రశ్న నల్లమల విషయంలోనూ మళ్లీ ముందుకొచ్చింది. ప్రాజెక్ట్ టైగర్ పుట్టుక, రాష్ట్ర విభజనతో నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు నుంచి తెలంగాణ వైపున్న అమ్రాబాద్ వేరుపడటం పాఠకులకు తెలిసినవే. నేటి పేచీకి అసలు మూలం 2012లో, జులై అక్టోబరు నెలల మధ్య ఉంది.

ఆ ఏడాది జులై 24న టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో, అంటే పులుల కోసం ప్రత్యేకించిన నడిమి అడవిలో, పర్యాటకాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది. జనం రాకపోకలుంటేనే వేటగాళ్లకు జంకు ఉంటుందని, నిషేధం సాగితే గైడ్ల, డ్రైవర్ల కుటుంబాలు వీధిన పడతాయని పర్యాటక రంగం వాదించింది. అక్టోబరు 16న నిషేధాన్ని ఎత్తేశారు. అయితే అంతకుముందే జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు జారీ చేసి, కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి ఇవ్వరాదని, అక్కడ కొత్త వసతులు కట్టరాదని, ఉన్న శాశ్వత కట్టడాలను క్రమంగా తొలగించాలని షరతులు పెట్టింది. పగలు కోర్‌లో తిరిగినవారు రాత్రికి వెలుపలికి రావాలన్న పద్ధతి అలా స్థిరపడింది.

రెండు వేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ రిజర్వులో సింహభాగం కోరే. 2021 నవంబరులో మొదలైన ప్యాకేజీలో సందర్శకులు మన్ననూరు కాటేజీల్లో రాత్రి బస చేసి, పగలు ఫర్హాబాద్ వైపు సఫారీకి వెళ్తారు. మన్ననూరు, దోమలపెంట మధ్య శ్రీశైలం రహదారిపై రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు.

ఇంత జాగ్రత్తగా గీసిన ఈ గీత లోపలే చెంచు గిరిజనుల పెంటలు, అంటే చిన్న గూడేలు, ఉన్నాయి. వెదురు తడికెలతో, గడ్డి కప్పుతో గుండ్రటి గుడిసెలు వేసుకుని, బావమరిది పైనుంచి తాడు పట్టుకుంటే కొండచరియ మీదికి దిగి తేనెపట్టు కోసే మనుషులు వీరు. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు ఈ అడవి కోసం నిలబడినవారిలో వీరూ ఉన్నారు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పులికి మా గుడిసె అడ్డమైతే సఫారీ బండి ఎందుకు అడ్డం కాదన్నది చెంచుల ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. కోర్ నుంచి చెంచుల తరలింపు స్వచ్ఛందమని, సఫారీ వల్ల స్థానిక యువతకు ఉపాధి దొరుకుతోందని అటవీశాఖ అంటుంది.

కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న తరలింపు ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. కానీ పరిహారం కంటే ముందు తేలాల్సినవి అడవిపై వారి హక్కులు. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం, అదే ఏటి అటవీ హక్కుల చట్టం రెండూ హక్కుల గుర్తింపు పూర్తయి, గ్రామసభ సమ్మతించాకే ఎవరినైనా తరలించాలని చెబుతున్నాయి. హక్కు పత్రాలు చేతికొచ్చే దాకా తరలింపు మాట ఎత్తవద్దని అడిగే చెంచు కుటుంబం చట్టంలో ఉన్నదే అడుగుతోంది.