పాత కంప్యూటర్ అడిగే పేరూ పాస్‌వర్డూ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అటక మీది పాత కంప్యూటర్‌ను దింపి తుడిచారని, ఆన్ కాగానే అది పేరూ పాస్‌వర్డూ అడిగేసరికి ఏం చేయాలో తోచక ఆపేశారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అంత బెదిరిపోవలసిన పని లేదు.

అందులో ఉన్నది విండోస్ 98. పేరూ పాస్‌వర్డూ అడుగుతూ తెర మీద వచ్చే ఆ పెట్టె చూడటానికి తాళంలా ఉంటుంది గాని, అది గడియ పెట్టకుండా దగ్గరికి వేసిన తలుపు మాత్రమే. ఎస్కేప్ మీట నొక్కితే చాలు, డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. ఆ డిస్కును అమర్చిన ఫ్యాట్ 32 పద్ధతిలో ఏ ఫైలు ఎవరిదో రాసి ఉంచుకొనే ఏర్పాటే లేదు. మరి అడగడం దేనికంటారా? నెట్‌వర్కుకూ ఇంటర్నెట్టుకూ వాడే పాస్‌వర్డులను విండోస్ ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క పీడబ్ల్యూఎల్ ఫైలులో దాస్తుంది కనుక, ఇప్పుడు ఎవరి ఫైలు విప్పాలో తెలుసుకోవడానికి అడుగుతుంది. ఈ సంగతి తెలియక నేను రోజూ ఎస్కేప్ నొక్కి, నా ఫైలు విప్పించకుండానే లోపలికి వెళ్లి, ఫోను తీగ మీదుగా ఇంటర్నెట్ కలిపే డయల్-అప్ పెట్టెలో ‘సేవ్ పాస్‌వర్డ్’ గడి ఎందుకు మసకబారి ఉంటోందో అర్థం కాక, నెలల తరబడి పాస్‌వర్డును చేత్తో కొట్టుకుంటూ, ఏ పాపమూ ఎరుగని మోడెమ్‌ను తిట్టుకున్నాను. మీరు మాత్రం సరదాకు కొత్త కొత్త పేర్లు కొట్టి చూడకండి; కొట్టిన ప్రతి పేరుకూ అది మరో ఫైలు పుట్టిస్తుంది.

ఆ ప్రశ్నే రాకుండా చేయాలంటే, కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్‌లో ‘ప్రైమరీ నెట్‌వర్క్ లాగాన్’ దగ్గర ‘విండోస్ లాగాన్’ ఎంచుకోండి. తరువాత అదే కంట్రోల్ ప్యానెల్‌లోని పాస్‌వర్డ్స్‌లోకి వెళ్లి, పాత పాస్‌వర్డు ఇచ్చి, కొత్తదాని చోటును ఖాళీగా వదిలి ఓకే నొక్కండి. అక్కడే ‘యూజర్ ప్రొఫైల్స్’లో అందరికీ ఒకే అమరిక అన్నది ఎంచుకొని ఉందో లేదో కూడా చూడండి. పాత పాస్‌వర్డు నేను మరచిపోలేదు, చివర చెబుతాను.

మేడ గదిలోని కంప్యూటర్‌లో ఉన్న విండోస్ ఎక్స్‌పీ సంగతి వేరు. అక్కడ ఎస్కేప్ పనిచేయదు, అది నిజంగానే తాళం. పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూస్తుంది గనుక, ఒప్పుకోకపోతే ముందు క్యాప్స్ లాక్ దీపం వైపు చూడండి. లోపలికి వెళ్లాక స్టార్ట్‌లోని రన్‌లో ‘కంట్రోల్ యూజర్‌పాస్‌వర్డ్స్2’ (control userpasswords2) అని ఇంగ్లీషులో కొట్టి, వచ్చిన పెట్టెలో పై గడిలోని టిక్కు తీసి, పాస్‌వర్డును ఒకసారి ఇస్తే మళ్లీ అడగదు. అయితే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ తగిలించవద్దు. 2014 ఏప్రిల్ 8 తరువాత ఎక్స్‌పీకి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది.

రెండింటి పాస్‌వర్డులూ బీరువా లోపలి అరలో, పాత పంచాంగం మధ్య పెట్టిన కాగితం మీద ఉన్నాయి. అన్నీ చిన్నక్షరాలే.

ఇట్లు,
మీ తాతయ్య