నెల్లూరు నుంచి మంచు కొండలకు: బరువంతా దారిలోనే

నెల్లూరులో ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో మంచు కొండలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? మార్చి రాకముందే కులూ-మనాలి, కశ్మీర్ ప్యాకేజీల ప్రకటనలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. పిల్లలకు ఒక్కసారైనా మంచు చూపించాలని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఈ ప్రయాణం వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఎక్కడ పుడుతుందో తెలుసుకుంటే, దాన్ని బాగా తగ్గించుకునే వీలు మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఉంది.

హోటల్లో టవల్ రోజూ ఉతికించకపోవడం, ప్లాస్టిక్ సీసాలు కొనకపోవడం మంచివే. కానీ అసలు బరువు దారిలో ఉంది. లెక్కేసి చూద్దాం. చెన్నై నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,760 కిలోమీటర్లు. 180 సీట్ల మామూలు విమానం ఈ దూరానికి దాదాపు ఆరున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. 160 మంది ఎక్కారనుకుంటే తలా 40 కేజీలు. కేజీ విమాన ఇంధనం కాలితే 3.16 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కేజీ కాలిస్తే మూడు కేజీలు ఎలా వస్తాయని అనుమానం రావచ్చు. ఇంధనంలోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్ పరమాణువులను రెండేసి చొప్పున కలుపుకుంటుంది. పెరిగిన బరువు ఆ ఆక్సిజన్‌దే. అలా ఒక మనిషికి, ఒకవైపు ప్రయాణానికే సుమారు 130 కేజీలు తేలుతుంది. నలుగురున్న కుటుంబం వెళ్లి వస్తే టన్ను దాటిపోతుంది. మన దేశంలో సగటున ఒక మనిషి వంతుకు ఏడాది మొత్తానికి వచ్చేది 2 టన్నుల దగ్గర. పైగా విమానం వెనక ఏర్పడే తెల్లటి చారలు కూడా భూమి వేడిని పట్టి ఉంచుతాయి. అది ఈ లెక్కలో లేదు.

ఇప్పుడు రైలు సంగతి. నెల్లూరు, ఒంగోలు రెండూ చెన్నై-ఢిల్లీ మెయిన్ లైను మీదే ఉన్నాయి. ఢిల్లీ దాకా కరెంటు లైనే. ఆ కరెంటు మాత్రం బొగ్గు నుంచి రాదా అంటే, చాలావరకు వస్తుంది. కృష్ణపట్నం దగ్గర నేలటూరు ప్లాంటు పొగ గొట్టాలు మనకు తెలియనివి కావు. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటుకు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. అయినా రైలుకే మొగ్గు ఎందుకంటే, ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువ, ఒకే ఇంజను వెయ్యి మందికి పైగా లాగుతుంది. 2,000 కిలోమీటర్ల ఢిల్లీ ప్రయాణానికి మనిషికి పాతిక, ముప్ఫై కేజీలకు మించదు. ఏసీ బోగీలో కాస్త ఎక్కువ పడుతుంది. అయినా విమానంలో నాలుగో వంతో, ఐదో వంతో.

టైం ఎక్కడుంది అంటారు. నిజమే, ఒకటిన్నర రోజు ప్రయాణం, ఆఫీసులో సెలవు దొరకడమే టెన్షన్. అలాంటప్పుడు వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లి, వచ్చేటప్పుడు విమానంలో వచ్చినా భారం చాలా తగ్గుతుంది. నా మట్టుకు నాకు మరో పద్ధతి ఇంకా నచ్చుతుంది: ఏటా ఐదు రోజుల ఉరుకులు పరుగుల టూరుకు బదులు, మూడు నాలుగేళ్లకోసారి వెళ్లి పది రోజులుండి రావడం. మధ్యలో ఏళ్లకు ఉదయగిరి కోట ఉంది, పెంచలకోన జలపాతం ఉంది. నెల్లూరు నుంచి ఉదయగిరికి కారులో నలుగురు వెళ్లొస్తే తలకు ఏడెనిమిది కేజీలు.

ఢిల్లీ నుంచి మనాలికి 530 కిలోమీటర్లు. నలుగురూ టాక్సీలో వెళితే తలా 30 కేజీలు, నిండుగా ఉన్న రాత్రి బస్సులో వెళితే 10 కేజీలు. కశ్మీర్ దారి ఈమధ్యే ఇంకా సులువైంది. 2025 జూన్ 6న చీనాబ్ వంతెన ప్రారంభమై, జమ్మూ దగ్గరి కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు నడుస్తోంది. నది మట్టానికి 359 మీటర్ల ఎత్తున ఉన్న వంతెన మీదుగా సాగే ఆ దారి విమానం కిటికీలోంచి కనిపించేది కాదు.

కొండ మీదికి చేరాక కార్బన్ డయాక్సైడ్ కన్నా మసి గురించి పట్టించుకోవాలి. తాజా మంచు తన మీద పడ్డ ఎండలో 80 నుంచి 90 శాతం వెనక్కి తిప్పి పంపేస్తుంది. డీజిల్ పొగలోని నల్లటి నుసి దాని మీద పడితే, తెల్ల గొడుగుకు బదులు నల్ల గొడుగు వేసుకున్నట్టే, ఎండ వేడి లోపలికి ఇంకుతుంది. మంచు త్వరగా కరుగుతుంది. కింద పాత మురికి మంచు బయటపడి ఇంకా ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. ఇందులో ఆశ పుట్టించే విషయం ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు నిలుస్తుంది, మసి మాత్రం గాలిలో కొద్ది రోజులో, వారాలో ఉండి రాలిపోతుంది. పొగ తగ్గిస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమకు రోజుకు ఇన్ని వాహనాలే వెళ్లాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిమితి పెట్టింది అందుకే. 2017లో అక్కడ ఎలక్ట్రిక్ బస్సులూ మొదలయ్యాయి. తిరుమల ఘాట్‌లో మనం ఎక్కుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లాంటివే. మంచు మీద పెట్రోలు స్కూటర్ ఎక్కేకన్నా, గంటకు ఇంత అని ఇచ్చి స్కీయింగ్ నేర్చుకోండి. పిల్లలకు అదే ఎక్కువ గుర్తుంటుంది. కోట్లు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి, నెల్లూరులో అవి ఎందుకూ పనికిరావు.

గదిలో హీటర్ గురించి కూడా ఒక మాట. హిమాచల్‌లో కరెంటు నీటి నుంచి వస్తుంది కదా అనుకుంటాం. కానీ చలికాలంలో నదులు సన్నబడి ఉత్పత్తి పడిపోతుంది, బయటి రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకుంటారు. అందులో బొగ్గు వాటా ఉంటుంది. రెండు కిలోవాట్ల హీటర్ రాత్రంతా ఎనిమిది గంటలు వేస్తే 16 యూనిట్లు, 11 కేజీలు. రజాయి కప్పుకుని, పడుకోబోయే ముందు గంటసేపు వేసుకుంటే చాలు.

హిమాలయాలు ప్రపంచ సగటు కన్నా వేగంగా వేడెక్కుతున్నాయి. 2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ వాలులు మంచు లేక మట్టి రంగులో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు పడక వాయిదా వేశారు. యంత్రాలతో కృత్రిమ మంచు చల్లొచ్చు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఆ ఏర్పాటు చేశారు కూడా. కానీ దానికి బోలెడంత నీళ్లు, కరెంటు కావాలి. పైగా గాలి సున్నాకు కిందుగా చల్లబడితేనే అది పనిచేస్తుంది.

వేసవికి వెళ్లేవాళ్లు రైలు టికెట్ విషయం ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. మే 10న బయల్దేరాలంటే మార్చి 11 ఉదయం 8 గంటలకే కూర్చోవాలి. ఢిల్లీ నుంచి తిరుగు టికెట్‌కు దాని తేదీని బట్టి విడిగా లెక్క చూసుకోండి.