రైల్వే యార్డులో పుట్టిన ఇంటర్న్ జీతం తగవు

అమెరికాలో ఇంటర్న్‌కు జీతం ఇవ్వాలా వద్దా అన్న తగవు పేరున్న యూనివర్సిటీల్లో పుట్టలేదు, రైల్వే యార్డులో పుట్టింది. కనీస వేతనాన్ని తెచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం 1938 నాటిది. యార్డులో బ్రేక్‌మన్ (రైలు బ్రేకులు చూసే కార్మికుడు) పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు అది వర్తిస్తుందా అన్నది పోర్ట్‌లాండ్ టెర్మినల్ అనే రైల్వే కంపెనీ కేసు. శిక్షణ ఏడెనిమిది రోజులే. వాళ్ల వల్ల కంపెనీకి పని కలిసిరాకపోగా ఒక్కోసారి అడ్డం కూడా. కాబట్టి వాళ్లు ఉద్యోగులు కారని 1947లో సుప్రీంకోర్టు తేల్చింది.

వారం రోజుల శిక్షణకు దొరికిన ఆ వెసులుబాటును తర్వాత పత్రికలు, సినిమా సంస్థలు నెలల తరబడి ఊరికే పని చేయించుకోవడానికి వాడుకున్నాయి. న్యూయార్క్ లాంటి చోట వేసవంతా జీతం లేకుండా ఉండాలంటే అద్దె ఎవరో కట్టాలి. తల్లిదండ్రులు కట్టగలిగినవాళ్లు వెళ్లారు. నిధులున్న పెద్ద యూనివర్సిటీలు తమ విద్యార్థులకు గ్రాంట్లు ఇచ్చి పంపాయి. మిగతావాళ్లు దరఖాస్తే పెట్టలేదు. ప్రతిభను బట్టి ఎంచుకున్నామని సంస్థలు అనుకున్నా, అసలు జల్లెడ డబ్బే.

2010లో కార్మిక శాఖ ఆరు షరతులు పెట్టింది: అన్నీ నెరవేరితేనే జీతం ఎగ్గొట్టవచ్చు. మరుసటి ఏడాది ఫాక్స్ సర్చ్‌లైట్ అనే సినిమా సంస్థపై ఇంటర్న్‌లు కేసు వేశారు. 2013లో జిల్లా కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ఎక్కువ మేలు ఇంటర్న్‌కా, సంస్థకా అన్నదే కొలతగా ఏడు అంశాలు చెప్పింది. 2018లో కార్మిక శాఖ కూడా వాటినే తీసుకుంది. చదువుతో ముడి ఉందా, కాలేజీ క్యాలెండర్‌కు సర్దుకుంటుందా, జీతం తీసుకునే ఉద్యోగి చేయాల్సిన పనిని ఇంటర్న్‌తో లాగిస్తున్నారా వంటివి అందులో ఉన్నాయి. ఏ యూనివర్సిటీ అన్న ప్రశ్న ఏడింటిలోనూ లేదు.

కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది స్టైపెండ్ దగ్గర. 10 వారాలు, వారానికి 40 గంటలు అంటే 400 గంటలు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్ల లెక్కన 2,900 డాలర్లు. ఇంటర్న్ చట్టం దృష్టిలో ఉద్యోగి అయితే, చేతిలో పెట్టిన 2,000 డాలర్ల స్టైపెండ్ చాలదు. రాష్ట్రంలో కనీస వేతనం ఎక్కువుంటే లోటు ఇంకా పెరుగుతుంది. వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్ల వేతనం ఇవ్వాలి. గంటల లెక్క రాసిపెట్టకపోతే వాదించుకోవడానికి కంపెనీ చేతిలో కాగితం ఉండదు. కాలేజీలో క్రెడిట్లు (డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు) ఇస్తున్నారు కదా అని జీతం మానేయడమూ చెల్లదు. ఏడు అంశాల్లో క్రెడిట్ల ముచ్చట ఒకదానిలో ఉదాహరణ మాత్రమే.

ప్రభుత్వ కార్యాలయాలు, సేవా సంస్థల దారి వేరు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు ఊరికే పని చేసే వీలుంది. వైట్‌హౌస్ తన ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది 2022లోనే.