అప్రెంటిస్‌షిప్: బొబ్బిలి మెషిన్ షాపు నుంచి అపోహలు, వాస్తవాలు

విజయనగరం జిల్లా బొబ్బిలి గ్రోత్ సెంటర్ (పారిశ్రామికవాడ)లోని ఒక మెషిన్ షాపులో కొత్తవారికి పని నేర్పే బాధ్యత నాది. ఇక్కడి యజమానులు పనివాళ్లు దొరకడం లేదంటారు. ఐటీఐ చదివిన మన పిల్లలేమో పని వెతుక్కుంటూ చెన్నై, హైదరాబాద్ రైళ్లెక్కుతున్నారు. అప్రెంటిస్‌షిప్, అంటే ఒక సంస్థలో పనిచేస్తూ పని నేర్చుకునే శిక్షణ గురించి ఇరువైపులా ఉన్న అపోహలు తొలగితే వీరిలో చాలామంది ఇక్కడే స్థిరపడతారని నా నమ్మకం.

అపోహ: ఇది పెద్ద కంపెనీల వ్యవహారం.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, కాంట్రాక్టు వారితో కలిపి 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు. నలుగురే ఉన్న చిన్న షెడ్డు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండు (శిక్షణ కాలంలో నెలనెలా ఇచ్చే భత్యం)లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు భరించే కేంద్ర పథకం కూడా ఉంది.

అపోహ: తక్కువ డబ్బుకు దొరికే పనివాడు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పీఎఫ్, ఈఎస్ఐ కట్టక్కర్లేదన్న లెక్కతో తీసుకుని, నెలల తరబడి సరుకు మోయించి, నేల ఊడిపించి పంపేసేవారు ఉన్నారు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందే వ్యక్తి. అందుకే ఆ మినహాయింపులు. నేర్పనప్పుడు వాటిని వాడుకునే హక్కు ఎక్కడిది?

నేర్పడమంటే ఒక సీనియర్ టర్నర్ (లేత్ మీద పనిచేసేవాడు) రోజూ కొంత సమయం కేటాయించడం. మా దగ్గర లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) ముట్టుకునే ముందు నేర్పే మొదటి పాఠం: ఆ ముక్కను బిగించి పట్టే చక్‌లో తాళంచెవి ఉండగా దాని మీద నుంచి చేయి తీయకూడదు. తాళంచెవి మరచి మోటారు వేస్తే అది ఎగిరివచ్చి ముఖానికి తగులుతుంది. తర్వాత వెర్నియర్, అంటే దవడల మధ్య పెట్టి సూక్ష్మంగా కొలిచే పరికరం. ఒకే షాఫ్టును ముగ్గురు కొలిస్తే మూడు కొలతలు వస్తాయి. ఒకరు దవడలను గట్టిగా నొక్కుతారు, ఒకరు వంకరగా పెడతారు, ఒకరు సున్నా దోషం (దవడలు మూసినా సున్నా చూపకపోవడం) చూడరు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో వాళ్లే పట్టుకునేదాకా పక్కన నిలబడాలి. తొలి నెలల్లో ఉత్పత్తి కాస్త తగ్గుతుంది. అందుకు సిద్ధపడే తీసుకోవాలి.

అపోహ: నేర్పితే వెళ్లిపోతారు.

శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చితీరాలని చట్టం చెప్పదు, ఒప్పందంలో రాసుకుంటే తప్ప. కానీ పని వచ్చిన పిల్లవాడికి అదే స్టైపెండు స్థాయి జీతం చూపిస్తే ఎందుకు ఉంటాడు? జీతమెంతో చేరిన రోజే చెప్పండి. ఇల్లు దగ్గరుంటే కొంత తక్కువైనా ఉండిపోయేవారు మన జిల్లాలో చాలామంది.

అపోహ: ఉద్యోగం కాదు కాబట్టి వృథా.

ఇది తల్లిదండ్రుల మాట. స్టైపెండు ఉంటుంది, పరీక్ష నెగ్గితే జాతీయ ధ్రువపత్రం వస్తుంది, పనిలో గాయపడితే పరిహారం అందుతుంది. చేర్చే ముందు మూడు విషయాలు అడగండి: ఒప్పందం కేంద్ర పోర్టల్‌లో నమోదైందా, స్టైపెండు బ్యాంకు ఖాతాలో పడుతుందా, మా వాడికి పని నేర్పేది ఎవరు? మూడోదానికి ఒక మనిషిని చూపించలేని చోట చేర్చకండి.