చంపి ఉండొచ్చు, చంపే ఉండాలి

విడవలూరుకు తూర్పున బకింగ్‌హాం కాలువలో ఒక శవం తేలిందనుకుందాం. ఇది నేను ఊహించి చెబుతున్న కేసు. చనిపోయినవాడు నలభై ఏళ్ళ రైతు. ముందురోజు సాయంత్రం బామ్మర్దితో కలిసి టీ బంకు దగ్గర కూర్చుంటే ఇద్దరు చూశారు. బావాబామ్మర్దులకు ఎకరంన్నర మాగాణి మీద తగాదా ఉంది. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? పొద్దుగూకేలోపు తీర్పు అయిపోతుంది.

కోర్టులో ఇది తీర్పు కాదు, ఇంకా మొదలు మాత్రమే. ఆ తేడా మన మాటలోనే ఉంది. ‘చంపి ఉండొచ్చు’ అంటే అనుమానం. ‘చంపే ఉండాలి’ అంటే ఇంకో దారి లేదని. ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. కళ్ళారా చూసిన సాక్షి లేని కేసుల కోసం 1984లో ఐదు సూత్రాలు చెప్పి, వాటిని పంచశీల అంది. వాటి సారం ఇది: రుజువైన ప్రతి విషయం ముద్దాయి నేరం వైపే చూపాలి, అతను నిర్దోషి అనుకోవడానికి వీలిచ్చే ఏ వివరణా మిగలకూడదు, గొలుసులో ఒక్క లింకు కూడా ఊడకూడదు.

మన కేసులో మొదటి లింకు, అతను నీళ్ళలో మునిగి చనిపోయాడా, చనిపోయాక నీళ్ళలో పడేశారా అన్నది. ఇక్కడ సాయానికి వచ్చేది మన రొయ్యల రైతులకు బాగా తెలిసిన జీవే. గుంటలో నీళ్ళు లేత గోధుమ రంగుకు తిరిగితే రైతు సంతోషపడతాడు. ఆ రంగుకు కారణం చాలాసార్లు డయాటమ్‌లు. ఇవి ఒకే కణం ఉన్న నాచుమొక్కలు, కంటికి కనపడవు. ఒంటి చుట్టూ గాజులాంటి సిలికా పెంకు ఉంటుంది. ఆ పెంకు మీది గీతలు, చుక్కలు జాతికో తీరుగా ఉంటాయి.

ప్రాణంతో ఉన్న మనిషి మునిగితే నీళ్ళతోపాటు డయాటమ్‌లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కడి పలుచని పొరలు దాటి కొన్ని రక్తంలో కలుస్తాయి. గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ రక్తం వాటిని కాలేయానికి, కిడ్నీలకు, తొడ ఎముకలోని మూలుగ దాకా చేరుస్తుంది. శవాన్ని నీళ్ళలో పడేస్తే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోవచ్చు గానీ, మూలుగ దాకా మోసుకెళ్ళే రక్తప్రసరణ ఉండదు. ల్యాబులో ఆ మూలుగను గాఢ నైట్రిక్ ఆమ్లంలో ఉడికిస్తారు. కొవ్వు, కండ అన్నీ కరిగిపోతాయి, సిలికా పెంకులు మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, శవం దొరికిన చోటి నీళ్ళలోని డయాటమ్‌లతో పోలుస్తారు.

మన రైతు మూలుగలో మంచినీటి జాతులే కనిపించాయనుకోండి. కాలువలోవి ఉప్పునీటి జాతులు. అంటే అతను కాలువలో మునగలేదు, ఇంకెక్కడో మునిగితే తెచ్చి ఇక్కడ పడేశారు. బామ్మర్ది పొలంలో మంచినీటి బావి ఉంది. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది, గొలుసు పూర్తయిందనిపిస్తుంది.

కానీ పూర్తి కాలేదు. పక్క పొలం బావిలోనూ అవే జాతులు ఉండొచ్చు. వనామీ రొయ్య వచ్చాక ఉప్పు తక్కువ నీళ్ళలోనూ సాగు చేస్తున్నారు కాబట్టి, మన తీరంలో మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య గీత అంత సూటిగా లేదు. కుళాయి నీళ్ళతో కడిగిన గాజుసామాను నుంచి కూడా డయాటమ్‌లు పరీక్షలోకి చేరొచ్చు. మూలుగలో ఒకటి అరా కనిపిస్తే అది రుజువు కాదు. అసలేమీ కనపడకపోయినా మునగలేదని చెప్పలేం.

అన్నీ సరిగ్గా కుదిరాయనే అనుకుందాం. అప్పుడు కూడా సైన్సు చెప్పగలిగింది, ప్రాణంతో ఉండగా అలాంటి నీళ్ళలో మునిగాడని మాత్రమే. తోశారా, కాలు జారాడా, చూసి భయపడ్డవాడెవడో శవాన్ని తరలించాడా అన్నది మైక్రోస్కోపుకు కనపడదు. అది సాక్షులు, ఫోన్ రికార్డులు, ఒంటి మీది దెబ్బలు చెప్పాలి. రక్తపు మరక సంగతీ అంతే. బామ్మర్ది చొక్కా మీద ‘O’ గ్రూపు రక్తం దొరికిందంటే గట్టి సాక్ష్యంలా వినిపిస్తుంది, కానీ మన దేశంలో నూటికి ముప్పై మందికి పైగా అదే గ్రూపు. డీఎన్ఏ చేస్తేనే ఆ మరకకు బలం.

అలాగని ఏ సందేహమైనా ముద్దాయిని కాపాడదు. ఎవరో దారినపోయేవాడు తోశాడేమో అని ఊరికే అంటే కోర్టు లెక్కలోకి తీసుకోదు. సందేహం సాక్ష్యంలోంచే పుట్టాలి, ఆలోచించే మనిషికి కారణం చెప్పగలిగేదై ఉండాలి. కోర్టులు ‘సహేతుకమైన సందేహం’ అనే మాటకు అర్థం అదే. అది ఎంత శాతం అని అడిగితే కోర్టులు అంకె చెప్పవు.

అలాంటి సందేహం మిగిలి ముద్దాయిని వదిలేసినప్పుడు, అంటే సంశయలాభం దక్కినప్పుడు, చనిపోయినవాడి భార్య ‘కేసు కొట్టేశారు’ అని ఏడుస్తుంది. డబ్బులిచ్చి బయటపడ్డాడని ఊరు అంటుంది. నాకు ఆ భార్య బాధే ముందు గుర్తొస్తుంది. ఆ సందేహం చాలాసార్లు జడ్జి దగ్గర కాదు, మొదటిరోజు కాలువ గట్టు మీదే పుడుతుంది. డయాటమ్‌లు ఋతువుతో, ఆటుపోటుతో మారతాయి. నెల తర్వాత తెచ్చిన కాలువ నీళ్ళు ఆ రాత్రి నీళ్ళు కావు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలంటోంది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఇచ్చింది. ఈలోగానైనా, శవ పంచనామా రోజునే కాలువ నీళ్ళు ఒక సీసాలో, బావి నీళ్ళు ఇంకో సీసాలో పట్టి, తేదీ వేసి, సీలు వేసి పెట్టడానికి పెద్ద ల్యాబేమీ అక్కర్లేదు.