ఇరవై గజాల్లో తూటా ఎందుకు పగులుతుంది

పాలమూరు మక్క చేలల్లోకి అడవిపందులు దిగేది రాత్రిపూట. అనుమతి ఉన్న షూటర్‌కు అవి కనబడేది టార్చి వెలుగు అందేంత దూరంలోనే, అంటే 20 నుంచి 40 గజాల్లో. తూటాల డబ్బా మీద అచ్చు వేసిన పట్టికలో మాత్రం 100, 200, 300 గజాల లెక్కలు ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ గురి కష్టమవుతుంది కాబట్టి తూటాకు కూడా దూరమే కష్టమని చాలామంది అనుకుంటారు. తూటాలోని లోహానికి వచ్చేసరికి సంగతి తలకిందులు. దానికి అసలు గండం దగ్గరి దూరంలోనే ఉంది. ఆ దూరంలో ఏ తూటా నిలుస్తుందో జెలటిన్ దిమ్మెలోకి కాల్చి పరీక్షించుకోవచ్చు.

లెక్క వేస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఒంట్లోకి దిగే తూటా ముక్కు మీద పడే ఒత్తిడిని, ఆ కండ సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించి అంచనా వేయవచ్చు. 30-06 రైఫిల్ నుంచి 180 గ్రెయిన్ల తూటా, అంటే 11.7 గ్రాములది, సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో వెలువడుతుంది. కండ సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి 336 మెగాపాస్కల్‌కు చేరుతుంది. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అంత లోతు నీళ్ల అడుగున ఉండే ఒత్తిడి 1.2 మెగాపాస్కలే. దానికి 270 రెట్లకు పైగా భారాన్ని చిటికెన వేలి గోరంత సీసం ముక్కు ఒక్కసారిగా మోయాలి. అదే తూటా దూరం పోయి 600 మీటర్ల వేగానికి తగ్గిందనుకుంటే ఒత్తిడి 180 దగ్గర ఆగుతుంది. వేగం నాలుగో వంతు తగ్గితే భారం దాదాపు సగమైపోయింది.

మెత్తటి సీసం తెగకుండా ఓర్చుకోగలిగేది 15 మెగాపాస్కల్ దరిదాపుల్లోనే. అందుకే ఒట్టి సీసం ఆ వేగానికి నిలవదు. వేటతూటాలో సీసం చుట్టూ రాగి తొడుగు ఉంటుంది. అది సాధారణంగా 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు కలిసిన లోహం. ముక్కు దగ్గర సీసాన్ని బయటికి వదిలి, తొడుగును అక్కడ పలచగా, మడమ వైపు మందంగా చేస్తారు. ముక్కు తగలగానే సీసం నలిగి వెనక్కి ఒరుగుతుంది, తొడుగు రేకులుగా చీలి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 7.8 మిల్లీమీటర్ల తూటా 15 మిల్లీమీటర్లకు విచ్చుకుంటే, అది దూసుకుపోయే అడ్డుకోత వైశాల్యం దాదాపు నాలుగింతలవుతుంది. గాయం పెద్దదై జంతువు త్వరగా పడిపోతుంది. గాయంతో మక్క చేలోకి పారిపోయిన పంది తెల్లారి కూలీల మీదికి వస్తే జరిగే నష్టం ఊళ్లో అందరికీ తెలుసు. అందువల్ల ఈ పరీక్ష తుపాకీ సరదా ఉన్నవాళ్లకు మాత్రమే పనికొచ్చేది కాదు.

ఇలా విచ్చుకునే తూటాల చరిత్ర మన దేశానికీ ముడిపడి ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో ఇలాంటివి తయారయ్యాయి. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. వేటలో దీనికి ఎదురు నియమం నడుస్తుంది. నిండా తొడుగున్న సైనిక తూటా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు బాధతో చాలాసేపు తిరుగుతుంది. అందుకే చాలాచోట్ల పెద్ద జంతువులపై దాన్ని వాడనివ్వరు.

ఇక పరీక్ష. కండకు బదులుగా వాడేది జెలటిన్ దిమ్మె. జెలటిన్ అంటే నీళ్లలో కరిగించి చల్లబరిస్తే జెల్లీలా గడ్డకట్టే ప్రొటీన్ పొడి. ప్రమాణంగా స్థిరపడింది బరువులో 10 శాతం జెలటిన్, 4 డిగ్రీల చల్లదనం. 15 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, 40 సెంటీమీటర్ల పొడవున్న దిమ్మెకు 900 గ్రాముల జెలటిన్, 8.1 లీటర్ల నీళ్లు పడతాయి. రైఫిల్ తూటాకు ఒక దిమ్మె చాలదు, వరుసగా రెండు పెట్టాలి. జెలటిన్ 250 బ్లూమ్ రకమై ఉండాలి. బ్లూమ్ అంటే గడ్డకట్టిన తర్వాత దాని గట్టిదనాన్ని చెప్పే అంకె, ప్యాకెట్ మీద ఉంటుంది. ఆ అంకె లేని సరుకు కొనకండి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ వేరే పదార్థం. అది నాచు నుంచి వస్తుంది, పెళుసుగా గడ్డకడుతుంది, తూటా తగిలితే సాగకుండా ముక్కలైపోతుంది.

పొడిని చల్లటి నీళ్లలో కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి, ఫ్రిజ్‌లో రెండు గంటలు నాననివ్వాలి. తర్వాత గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్ల పాత్రలో ఉంచి కరిగించాలి. మిశ్రమం 40 డిగ్రీలు దాటకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. త్వరగా కరుగుతుందని మరిగిస్తే ప్రొటీన్ గొలుసులు తెగిపోతాయి. దిమ్మె చూడ్డానికి బాగానే గడ్డకడుతుంది, కానీ మెత్తగా ఉండి తూటా లోపలికి ఉన్నదానికంటే ఎక్కువ దిగినట్టు చూపిస్తుంది. గరిటె గట్టిగా తిప్పితే నురగ పట్టి బుడగలు మిగులుతాయి. నెమ్మదిగా కలిపి, పైన తేలిన నురగను తీసేసి అచ్చులో పోయాలి. 4 డిగ్రీల దగ్గర కనీసం 36 గంటలు ఉంచాలి. ఇంత మందం దిమ్మెలో పైభాగం చల్లబడ్డా నడిమి భాగం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది.

మహబూబ్‌నగర్ మే నెల ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. 42 డిగ్రీల్లో బయట పెట్టిన దిమ్మె అంచులు చూస్తుండగానే జారిపోతాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చేయడం మేలు. అప్పుడు కూడా దిమ్మెను ఐసుతో నింపిన థర్మోకోల్ డబ్బాలో తెచ్చి, బయటికి తీసిన 20 నిమిషాల్లోపు కాల్చేయాలి. దిమ్మె సరిగా ఉందో లేదో తేల్చడానికి ఒక చిన్న కొలత ఉంది. 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుండును ఎయిర్‌గన్‌తో సెకనుకు 180 మీటర్ల వేగంతో కొడితే అది 8.5 సెంటీమీటర్లు దిగాలి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. అంతకుమించి దిగితే దిమ్మె మెత్తబడింది, తక్కువ దిగితే మరీ గట్టిపడింది. ఆ దిమ్మె మీద వచ్చిన ఏ అంకెనూ రాసుకోకండి. ప్రతి దిమ్మెకూ విడిగా ఈ కొలత తీయాలి.

కాల్చేది లైసెన్సున్న రైఫిల్‌తో, అనుమతి ఉన్న రేంజ్‌లో మాత్రమే. దిమ్మెల వెనక రాళ్లు ఏరేసిన మెత్తటి మట్టికట్ట ఉండాలి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ను బ్యారెల్ చివర నుంచి మూడు మీటర్ల ముందు పెడితే పేలుడు గాలి దెబ్బ దానికి తగలదు. దిమ్మెను 20, 25 గజాల్లో, నిజంగా పందిని కాల్చే దూరంలోనే పెట్టాలి. మరీ ముందుకు, ఐదారు గజాల్లోకి తెస్తే ఇంకో చిక్కు వస్తుంది. వదిలిన బొంగరం నిలదొక్కుకునే ముందు ఊగినట్టు, బ్యారెల్ దాటిన కొత్తలో తూటా ముక్కు కాస్త ఊగుతుంది. ఆ ఊపులో పక్కవాటుగా తగిలితే తూటా ఒక వైపే విచ్చుకుని దారి వంగుతుంది. అది తూటా లోపమని పొరబడతాం. మగ పంది భుజం మీద గట్టి కవచం లాంటి పొర ఉంటుంది కాబట్టి, మొదటి దిమ్మె ముందు మందపాటి బర్రె తోలు ముక్క కట్టి ఒక వరుస, కట్టకుండా ఒక వరుస కాల్చడం మంచిది. ముక్కులో బోలు ఉన్న తూటాలకు తోలు పేలికలు అడ్డుపడి అవి విచ్చుకోకపోవచ్చు. ఉత్త జెలటిన్‌లో ఈ సంగతి బయటపడదు.

కాల్చాక దిమ్మెలో మూడు కొలతలు తీసుకోవాలి. తూటా విచ్చుకునే ముందు చేసిన సన్నటి దారి, అంటే మెడ, ఎంత పొడవుందో, అంటే ఎన్ని సెంటీమీటర్లు దిగాక విచ్చుకుందో మొదటిది. చీలికలు ఎక్కడ పెద్దవిగా ఉన్నాయో రెండోది. తూటా ఆగిన లోతు మూడోది. ఆ తర్వాత దిమ్మెను కోసి తూటాను తీసి, అంటిన జెలటిన్‌ను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి తూచాలి. ఉదాహరణకు 180 గ్రెయిన్ల తూటా 112 గ్రెయిన్లు మిగిలితే, నిలిచిన బరువు 62 శాతం. విచ్చుకున్న వెడల్పు గుండ్రంగా ఉండదు కాబట్టి వెర్నియర్ కాలిపర్‌తో ఎక్కువున్న చోట, తక్కువున్న చోట కొలిచి సగటు తీయాలి. ఒక్క తూటాతో తీర్పు చెప్పొద్దు, కనీసం ఐదు కాల్చాలి. మామూలు తొడుగు తూటాల్లో తేడాలు ఎక్కువగా వస్తాయి, అసలు విషయం ఆ తేడాల్లోనే తెలుస్తుంది.

దగ్గరి దూరంలో మామూలు సీసం తూటా సగం నుంచి 70 శాతం వరకు బరువు నిలుపుకుంటే బాగా పనిచేసినట్టే. సీసం, తొడుగు విడిపోయి వేర్వేరు చోట్ల దొరికితే మాత్రం ఆ తూటాను ఈ దూరానికి పక్కన పెట్టాలి. చాలామంది సీసం కరిగిపోయిందంటారు. అది కరగలేదు, నలిగి చిరిగింది. పైగా 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ నుంచి వచ్చిన తూటా సెకనుకు 3,200 సార్లకు పైగా తిరుగుతుంటుంది. ఆ విసురు చీలిన రేకులను బయటికి లాగి తెంపుతుంది. సీసాన్ని తొడుగుకు అతికించిన తూటాలు 80 శాతానికి మించి నిలుస్తాయి. పూర్తిగా రాగితో చేసినవి దాదాపు మొత్తం బరువు నిలుపుకుంటాయి, సీసపు పొడిని ఒంట్లో చల్లవు. కానీ వేగం తగ్గిన దూరాల్లో అవి విచ్చుకోవడానికి మొరాయిస్తాయి.

జెలటిన్ కుదరనివాళ్లు ఐదు లీటర్ల క్యాన్లు ఆరేడు నీళ్లతో నింపి వరుసగా పెట్టి చూడొచ్చు. తూటా వేగంగా ఉన్నంతసేపు దాని మీద పనిచేసేది సాంద్రతే కాబట్టి, ముక్కు విచ్చుకునే తీరు, నిలిచిన బరువు చాలావరకు సరిపోలుతాయి. లోతు మాత్రం సరిపోలదు. నెమ్మదించిన తూటాను జెలటిన్ గట్టిదనం ఆపుతుంది, నీళ్లకు ఆ పట్టు లేదు. ఎన్ని క్యాన్లు దాటిందో చెప్పి పందిలో ఎంత దిగుతుందో లెక్క కట్టడం తప్పు.

దక్షిణ తెలంగాణలో తూటా ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. ఇక్కడి చేల చుట్టూ గుట్టలూ బండలే. రాగి తూటా పందిని దాటి బయటికొచ్చి నల్లరాతిని తాకితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. రెండు దిమ్మెలనూ, అంటే మొత్తం 80 సెంటీమీటర్లను, దాటిపోయిన తూటా వెనక మట్టి ఉన్నచోట మంచిదే. వెనక బండ ఉన్నచోట వాడకూడదు. మంచె మీంచి కిందికి కాల్చే చోట తూటా నేలలోకి దిగుతుంది కాబట్టి కొంత నయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి ఇచ్చాక, చేను చూడటానికి పగలే వెళ్లి ఏ వైపు బండ ఉందో, ఏ వైపు గట్టు ఉందో గుర్తు పెట్టుకుని కూర్చునే చోటు నిర్ణయించుకోవాలి. తూటా డబ్బా మీది లాట్ నంబరునూ, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబరునూ, కొలతల పక్కనే రాసి పెట్టాలి. లాట్ మారితే సీసం మెత్తదనమూ, వేగమూ కాస్త మారొచ్చు, అప్పుడు మళ్లీ ఐదు తూటాలు దిమ్మెలోకి కాల్చి చూడాలి.